చిందు అంటే తిట్టా మేడమ్?

పోయిన వారం బదిలీ గొడవ రాసి వదిలేశాను. విశాఖ ఎలా ఉంది మేడమ్, బీచ్‌కి వెళ్తున్నారా అని చాలామంది అడిగారు. వెళ్తున్నాను. కానీ ఈ ఊళ్ళో నేను ముందు వెతుక్కున్నది సముద్రాన్ని కాదు. ఎవరు ఎక్కడ ఆడుతున్నారా అని వెతుక్కున్నాను. కొత్త ఊరికి పోతే కొందరు గుడి వెతుక్కుంటారు, కొందరు మంచి టిఫిన్ సెంటర్ వెతుక్కుంటారు. నాకు కాళ్ళు కదిలే చోటు కావాలి.

ఇది చిన్నప్పటి అలవాటేం కాదు. మా ఇంట్లో అటక మీద గోనెపట్టాలో చుట్టి తాత డప్పు ఉండేది. దాన్ని ముట్టుకోనిచ్చేవాళ్ళు కాదు. ఆడపిల్ల డప్పు పట్టడం మా పల్లెలో లేదు, అదొకటి. రెండోది మా నాన్న. నేను డప్పు పట్టింది ఎక్కడో పీహెచ్‌డీ రోజుల్లో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో. 2016 జనవరిలో రోహిత్ పోయాక వెలివాడ దగ్గర రాత్రుళ్ళు కూర్చునేవాళ్ళం. అక్కడ ఒక జూనియర్ నా భుజానికి డప్పు తగిలించి "అక్కా, ముందు అడుగెయ్యి, చెయ్యి దానంతటదే వస్తది" అన్నాడు. వచ్చింది. అప్పట్నుంచి నన్ను వదల్లేదు.

విశాఖలో సాయంత్రాలు కాలేజీ అయ్యాక తిరగడం మొదలుపెట్టాను. కళాభారతిలో ప్రోగ్రాములు చూశాను. బీచ్ రోడ్డులో చీకటి పడ్డాక సెల్‌ఫోనుకి చిన్న స్పీకర్ పెట్టుకుని హిప్‌హాప్ ప్రాక్టీస్ చేసే కుర్రాళ్ళతో స్నేహం చేశాను. వాళ్ళు నీ గురువెవరని అడగలేదు. "అక్కా మీ స్టెప్ ఒకసారి చూపించండి" అన్నారు. చూపిస్తే పది నిమిషాల్లో దాన్ని తలకిందులు చేసి నాకే తిరిగి చూపించారు. ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్లో కూచిపూడి క్లాసు జరుగుతుంటే గుమ్మంలో నిలబడి చూశాను. టీచరుగారు మంచావిడ. కుర్చీ వేయించి కాఫీ ఇచ్చారు. మీరెక్కడ నేర్చుకున్నారు, మీదే బాణీ అని అడిగారు. డప్పండీ అన్నాను. ఆవిడ నవ్వి, "అది వాయిద్యం కదండీ, డాన్స్ కాదు కదా" అన్నారు.

ఆవిడ మాటలో ద్వేషం లేదు. అందుకే అది నా వెంట ఇంటిదాకా వచ్చింది.

కూచిపూడిలో వాయించేవాళ్ళు ఒక పక్క కూర్చుంటారు, ఆడేవాళ్ళు మధ్యలో ఆడతారు. డప్పులో ఆ విడదీత లేదు. వాయించేవాడే ఆడతాడు. భుజం మీద బరువు ఉంటుంది కాబట్టి నడుము ఒంగుతుంది. మోకాళ్ళు వదులవుతాయి. దెబ్బ ఎక్కడ పడుతుందో అడుగు అక్కడ పడుతుంది. ఈ ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్ళు చూడండి. యాదవులు రొమ్ము మీద తప్పెట కట్టుకుని, దాన్ని వాయిస్తూనే గంతులేస్తారు. అరకు ధింసాలో ఆడవాళ్ళు ఒకరి నడుము ఒకరు పట్టుకుని కదులుతుంటే ఎదురుగా మోరి, తుడుములతోపాటు డప్పు కూడా మోగుతుంది. (ఇప్పుడు అదే ధింసాని రిసార్టుల్లో మంట చుట్టూ టూరిస్టుల కోసం ఆడిస్తున్నారు. దాని గురించి వేరే రాయాలి.) ఇవన్నీ వాయిద్యాలేనా? కూచిపూడి ఒకప్పుడు బ్రాహ్మణ మగవాళ్ళు ఆడవేషం కట్టి ఆడిన ఆట. వెంపటి చినసత్యంగారి లాంటివాళ్ళు దాన్ని మద్రాసు తీసుకెళ్ళి ఆడపిల్లలకి నేర్పాకే అది ఇంటింటి ఆడపిల్ల చదువైంది. 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చాక కళావంతుల ఇళ్ళలో గజ్జెలు మూటగట్టేశారు. అంటే ఒక ఇంటి ఆడవాళ్ళు ఆడితే నేరమైన కాలంలోనే ఇంకొక ఇంటి ఆడవాళ్ళు ఆడితే సంస్కృతి అయ్యింది. ఇది నేను క్లాసులో చెప్తే పిల్లలు నోట్సు రాసుకుంటారు. ఆ సెల్లార్లో కాఫీ తాగుతూ మాత్రం చెప్పలేకపోయాను.

ఏప్రిల్ చివర్లో ఒక డాన్స్ స్టూడియోవాళ్ళు పిలిచారు. వేసవి సెలవుల్లో ఏడు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి పది రోజుల వర్క్‌షాప్. డప్పు, చిందు నేర్పిస్తానన్నాను. సరే అన్నారు. వెళ్ళి చూస్తే ఫ్లెక్సీ మీద "ఫోక్ ఫ్యూజన్" అని ఉంది. పోనీలే, పిల్లలు వస్తే చాలనుకున్నాను. ఏసీ గది, నేలంతా చెక్క, గోడంతా అద్దాలు. తోలు డప్పు తీసుకెళ్ళాను గానీ ఈ ఊరి సముద్రపు గాలికి తోలు మెత్తబడిపోతుంది. మంట దగ్గర కాచకపోతే పలకదు. స్టూడియోలో మంట ఎక్కడ పెడతాం? మర్నాడు ఫైబర్ డప్పు కొన్నాను.

మొదటి రోజు నడక ఒక్కటే చెప్పాను. పిల్లలు నిటారుగా నడుస్తారు, మడమ ఎత్తి నడుస్తారు. అద్దంలో తమని తాము చూసుకుంటూ నడుస్తారు. అద్దాలకి వీపు పెట్టించి గుండ్రంగా నిలబెట్టాను. నేలని తొక్కండి, నేలకి వినపడాలి అన్నాను. పద్నాలుగు మంది ఒకేసారి తొక్కేసరికి కింద ఫ్లోర్ ఆఫీసువాళ్ళు పైకొచ్చారు! మూడో రోజుకి ఒక తల్లి పక్కకి పిలిచి, చాలా మర్యాదగా, "మేడమ్, ఇది చావుల దగ్గర కొట్టేది కదా. మా అత్తగారు ఒప్పుకోవట్లేదు" అంది. ఆ వారంలో పద్నాలుగు తొమ్మిదైంది. స్టూడియో ఆయన వచ్చి, "డప్పు అనే మాట లేకుండా చూద్దాం మేడమ్, స్టెప్పులు అవే ఉంచండి" అన్నాడు. స్టెప్పులకి అభ్యంతరం లేదు, పేరుకే అభ్యంతరం.

మిగిలిన తొమ్మిది మందిలో ఒక పిల్ల, నాలుగో తరగతి, చెయ్యెత్తింది. "మేడమ్, చిందు అంటే తిట్టు కదా? మా డాడీ నన్ను చిందులు తొక్కకు అంటాడు."

తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని. ఈ ప్రశ్న నన్ను వైవాలో ఎవరూ అడగలేదు. నిజమే కదా. కోపంతో ఊగిపోతే చిందులు తొక్కుతున్నాడంటాం. గొప్పలు చెప్పుకుంటే డప్పు కొట్టుకుంటున్నాడంటాం. ఎవడి గుట్టో రట్టయితే వాడి భాగోతం బయటపడిందంటాం. అరిచి గోల చేస్తే వీరంగం. వెకిలిగా తిరిగితే తైతక్కలు. ఆడి పాడి బతికిన కులాల పనులన్నీ మన నుడికారంలో తిట్లుగా చేరిపోయాయి. ఇంత అందమైన భాష అని పద్యాలు చెప్పే మాకు ఇది కనపడదు. నిజామాబాద్ వైపు చిందు ఎల్లమ్మ జీవితాంతం ఆడింది చిందు భాగోతమే. మాదిగల ముందు జాంబ పురాణం ఆడి మా పుట్టుక మాకు చెప్పింది చిందోళ్ళే. ఆ పిల్లకి ఇదంతా చెప్పలేదు. "చిందంటే ఎగిరి అడుగెయ్యడం. మీ డాడీకి ఎగరడం రాదేమో, ఇంటికెళ్ళి నేర్పు" అన్నాను. నవ్వింది. పదో రోజు వాళ్ళ డాడీ వచ్చి వెనక వరసలో నిలబడి చూశాడు. ఏమీ అనలేదు, ఫోన్లో మాత్రం తీసుకున్నాడు.

ఇక్కడితో అయిపోతే నేను సుఖంగా ఉండేదాన్ని. తప్పు వాళ్ళది, ఒప్పు నాది.

తర్వాత వన్‌టౌన్ వైపు ఒక రెల్లి వీధిలో మొదలుపెట్టాను. ఆదివారాలు, ఫీజు లేదు. ఆ ఇళ్ళల్లో చాలామంది తెల్లవారకముందే లేచి ఈ ఊరి రోడ్లు ఊడ్చేవాళ్ళు. అక్కడ మంట పెట్టుకోవచ్చు. పాత పేపర్లు, అట్టముక్కలు పోగేసి తోలు డప్పు కాస్తుంటే పిల్లలు చుట్టూ మూగారు. స్టూడియో పిల్లలకి మూడు రోజులు పట్టిన నడక వీళ్ళకి మూడు నిమిషాల్లో వచ్చింది. నాకు గర్వంగా ఉంది. అప్పుడు ఒకామె, ముప్పై ఏళ్ళుంటాయేమో, కొడుకు చెయ్యి పట్టి లాక్కుని నా దగ్గరికొచ్చింది.

"ఏటమ్మా ఇది? మీరు పెద్ద సదువు సదివి కాలేజీలో పాఠాలు సెప్తారంట కదా. మా పిల్లలకి కూడా ఇదేనా నేర్పడం? సీపురు వద్దు, డప్పు వద్దనే కదా నేను వీణ్ణి ఇంగ్లీషు మీడియంలో ఏసింది. నేర్పితే ఢీలో ఏస్తారు సూడండి, ఆ డాన్సు నేర్పండి."

స్టూడియో తల్లికి చెప్పడానికి నా దగ్గర సమాధానాలు వంద ఉన్నాయి. ఈమెకి చెప్పడానికి ఒక్కటీ లేదు. ఎందుకంటే ఈమె మాట్లాడింది మా నాన్న మాట.

1985 జూలై 17న కారంచేడు జరిగినప్పుడు మా నాన్నకి ఇరవై ఏళ్ళు. చీరాల శిబిరానికి బియ్యం మోసిన కుర్రాళ్ళలో ఒకడు. ఆ ఏడాదే మా తాత చేత డప్పు మాన్పించాడు. ఊళ్ళో పెద్దింటి చావుకి కబురొస్తే గుమ్మానికి అడ్డం నిలబడి, పంపించను అన్నాడంట. దానికి మా ఇంటికి రెండు సీజన్లు కూలి పని ఇవ్వలేదు. అటక మీది గోనెపట్టా మూట సిగ్గుపడి దాచింది కాదని నాకు ఎప్పటికోగానీ అర్థం కాలేదు. తొమ్మిదేళ్ళకి, 1994లో, అదే ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా పుట్టింది. డప్పే జెండా అయ్యింది. మా నాన్న ఆ సభలకీ వెళ్ళాడు. అటక మీది డప్పు మాత్రం దించలేదు. వద్దనడం ఒక పోరాటం, ఎత్తుకోవడం ఇంకో పోరాటం. నాకు జీతం వస్తోంది కాబట్టి ఎత్తుకోవడం తేలికైందేమో. ఈ అనుమానం నాకు ఇంకా పోలేదు.

ఆ రోజు ఆమెతో వాదించలేదు. సరే అక్కా, ఢీ డాన్సే చేద్దాం అన్నాను. ఆ పిల్లాడే ఫోన్లో ఒక మాస్ పాట పెట్టాడు. పాట సగంలో ఆపి, దీంట్లో కాళ్ళు లేపేది ఏ శబ్దమో చెప్పండ్రా అన్నాను. ఇద్దరు ముగ్గురు తలలు వంచి విన్నారు. మళ్ళీ పెట్టమన్నారు. ఆ పిల్లాడు నేను కాచి పక్కన పెట్టిన డప్పు వైపు చూశాడు, వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆమె మొహం తిప్పుకుంది గానీ వాణ్ణి లాక్కెళ్ళలేదు. ఇప్పుడు ఆదివారం సగం పూట వాళ్ళ పాట, సగం పూట నా డప్పు. ఆమె ఇంకా నాతో సరిగ్గా మాట్లాడదు. నీళ్ళ బిందె దించుకుని గట్టు మీద కూర్చుని చూస్తుంది, అంతే.

పోయిన ఆదివారం వీడియో మా నాన్నకి పంపాను. పదేళ్ళుగా నేను డప్పు పడతానని ఆయనకి తెలుసు, ఎప్పుడూ ఎత్తలేదు. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశాడు. పెన్షన్ సంగతి, అమ్మ మోకాళ్ళ సంగతి మాట్లాడాడు. పెట్టేసేముందు, "ఎడం చేతి పుల్ల మరీ బిగబట్టావు. వదులుగా పట్టుకోవాలి. పిల్లలకి కూడా అట్టాగే అలవాటు చేస్తున్నావు" అన్నాడు.

నీకెప్పుడొచ్చు నాన్నా అని అడిగేలోపు కట్ చేశాడు. దసరాకి ఇంటికి పోతున్నాను.

జై భీమ్.