కులం గడి

2001 సెప్టెంబరు. డర్బన్‌లో మాకు ఆఖరి రోజు. సాయంత్రం విమానం. జాతివివక్ష మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన మహాసభకు దేశం నాలుగు మూలల నుంచి దళితులం పోయినం. కింగ్స్‌మీడ్ క్రికెట్ మైదానంలో డప్పు కొట్టీ కొట్టీ నా చేతులు వాచినయ్. కులం మా ఇంటి సంగతి, అది జాతి కాదు, దాన్ని ఇక్కడ మాట్లాడొద్దని మన సర్కారు పట్టుబట్టింది. పనిని బట్టి, పుట్టుకను బట్టి చూపే వివక్ష అన్న మాట చివరి పత్రంలోకి ఎక్కనే లేదు.

నాతో ఒకే గదిలో ఉన్నాయన కృష్ణా జిల్లా మనిషి. మాలాయన. నాకంటే పదేండ్లు పెద్ద, అన్నా అనేవాణ్ణి. నాది నడిగూడెం మాదిగ గూడెం. ఒకే సబ్బు రుద్దుకున్నం, ఒకే ప్లకార్డు చెరో కొస పట్టుకున్నం. వర్గీకరణ మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు. అప్పటికి 2000 సంవత్సరం చట్టం నడుస్తున్నది. మాదిగలు బి గ్రూపు 7 శాతం, మాలలు సి గ్రూపు 6 శాతం. ఊర్లో ఉంటే నేను దండోరా సభలో, ఆయన దానికి ఎదురు సభలో. డర్బన్‌లో ఇద్దరం ఒట్టి దళితులం.

పొద్దున సముద్రం ఒడ్డున కూసున్నం. తెల్లోళ్లకు ఒకటి, ఇండియన్లకు ఒకటి, నల్లోళ్లకు ఒకటని అపార్థీడ్ రోజుల్లో ఇసుకను కూడా పంచుకున్నరంట. మా ఊరి బావులు గుర్తొచ్చినయ్.

మధ్యాహ్నం ఒక ముసలాయన తన ఇంటికి రమ్మన్నడు. మా సభకొచ్చి డప్పు విని ఏడ్చినాయన. తెలుగువాడే, కానీ అన్నం, అవ్వ, రండి లాంటి నాలుగు ముక్కలు తప్ప తెలుగు రాదు. అంతా ఇంగ్లీషే. పేరు చివర నాయుడు. రొట్టెను తొలిచి లోపల కూర పోసిన బన్నీ చౌ పెట్టిండు. హోటల్లోకి రానియ్యని నల్లోళ్లకు వెనక కిటికీలోంచి ఇట్లనే రొట్టెలో పెట్టి ఇచ్చేవాళ్లని అక్కడ చెప్తరు. మా హోటళ్లలో గ్లాసులు వేరు గదా, ఇక్కడ గ్లాసు కూడా లేదన్నమాట అన్నడు అన్న.

తినంగనే బీరువాలోంచి ఒక కాగితం తీసిండు. ఓడ రిజిస్టరు నకలు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది మొదలు 1911 దాకా లక్షా యాభై వేల మందికి పైగా కూలీలు ఇట్ల వచ్చిన్రు, ఎక్కువమంది చెరుకు తోటలకే. ఈయన ముత్తాత అందులో ఒకడు. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు, ఒంటి మీది మచ్చలు. అన్నిటికీ గడులున్నయ్. ఊరి పేరు చెదిరిపోయింది. జిల్లా మాత్రం కృష్ణా. నా గుండె ఝల్లుమన్నది. ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉన్న మా నడిగూడెం ఆ రోజుల్లో మునగాల పరగణా. చుట్టూ నైజాం రాజ్యం, నడుమ దీవి తీరు ఇంగ్లీషోళ్ల కృష్ణా జిల్లా. మా నాయనమ్మ చచ్చిందాకా మాది కిష్ణా జిల్లా అనే చెప్పేది.

కులం అని రాసిన గడి కూడా ఉన్నది. అందులో ఇంగ్లీషు అక్షరాల్లో 'మాల'.

"మాల అంటే పూలదండ గదా! మా తాతలు పూలు కట్టేవాళ్లేమో," అన్నది ఆయన మనవరాలు మురిసిపోతూ.

అన్న నా దిక్కు చూసిండు. నేను గోడ దిక్కు చూసిన. చెప్పాల్సింది నేను కాదు. సముద్రం దాటినంక నాయుడై, నాలుగు తరాలు బతికిన ఇంట్లో ఆ మాట ఎట్ల పెట్టాలె? కులం గడప దాటదని మన సర్కారు వాదించింది గానీ, గడి గీసి, రాసి, ఓడెక్కించిందే తెల్లదొర గుమాస్తా.

అన్న మెల్లగ అన్నడు: "పూలదండ కాదమ్మా. అది నా కులం. మీరు మావాళ్లు."

ముసలాయన చానాసేపు కాగితం దిక్కే చూసిండు. తర్వాత నన్నడిగిండు, నువ్వూ ఇదేనా అని.

ఊర్లో ఎవడన్నా ఆ మాటంటే కయ్యానికి పోయేవాణ్ణి. "కాదు తాతా, మాదిగ. పక్క గూడెం."

"ఎంత దూరం?"

"నడుమ బండ్ల బాట," అన్నడు అన్న.

విమానంలో అన్నే మొదలుపెట్టిండు. ఆ బాట సంగతి ఇప్పుడన్నా మాట్లాడదామా తమ్ముడూ అని. ఇగ చూస్కో. ఏ ఊర్లో ఎవరికి ఎన్ని నౌకర్లొచ్చినయో లెక్కలు, ఎవరు బడికి ముందు పోయిన్రో, మిషన్ బడి ఎవరి గూడెం పక్కన పెట్టిన్రో. మా పిల్లల వాటా ఎందుకు మిగల్లేదని నేను, ఇంటి నడుమ గోడ కడితే చూరు కూలుద్దని ఆయన. ఎయిర్ హోస్టెస్ రెండుసార్లు వచ్చి నెమ్మదిగా మాట్లాడమన్నది. నేనన్నదే న్యాయమని ఇప్పటికీ అంట.

2004 నవంబరు 5న సుప్రీంకోర్టు ఆ చట్టం కొట్టేసింది. ఆయన ఫోన్ చెయ్యలేదు. 2014లో రాష్ట్రాలే వేరైనయ్. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం వర్గీకరణ చెయ్యొచ్చని తీర్పు ఇచ్చింది. నేనూ చెయ్యలేదు. 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో చట్టం అమల్లోకొచ్చింది, మాదిగలున్న గ్రూపుకు 9 శాతం.

ఆ నెలాఖరులో ఆయనే ఫోన్ చేసిండు. వర్గీకరణ మాట ఎత్తలేదు. "తమ్ముడూ, ఆ డర్బన్ కాగితం నకలు నీ దగ్గరున్నదా? నాది చెదలు పట్టింది," అన్నడు.

ఉన్నది. జిరాక్సు తీసి పంపిన.