కోబేలో కిరాణా కొట్టు

మా పెద్దబ్బాయి ఉద్యోగరీత్యా జపాను దేశంలోని కోబే నగరంలో కాపురముంటున్నాడు. కోడలికి నెలలు నిండుతున్నాయని 2025 ఏప్రిల్‌లో మేమిద్దరమూ బయలుదేరి, దేవుని కృపను బట్టి క్షేమంగా చేరుకున్నాము. జపాను వెళ్లి వచ్చినవారు పూల చెట్ల గురించీ, వేగంగా పోయే రైళ్ల గురించీ చెబుతారు. మేము వాటిని చూసింది తక్కువ. అబ్బాయి తెల్లవారి వెళితే రాత్రికి గానీ రాడు, కోడలు మెట్లు దిగలేదు. సరుకులు తేవడం మా వంతయింది. కాబట్టి ఆ దేశంలో మేము బాగా చూసిన స్థలం ఏదంటే కిరాణా కొట్టే.

ముందుగా బియ్యం సంగతి చెప్పాలి. మన రైతు కుటుంబాలవారు అడిగేది అదే కదా. మేము వెళ్లేసరికి అక్కడ 5 కిలోల బియ్యం సంచి 4,000 యెన్లు దాటింది. అంటే మన డబ్బులో 2,300 రూపాయల పైమాటే! అంతకు ముందు ఏడు అందులో సగమేనట. 2023లో ఎండలు మండి పంట నాణ్యత దెబ్బతిన్నది. దానికి తోడు వరి సాగు తగ్గించుకొమ్మని ప్రభుత్వమే దశాబ్దాల తరబడి రైతులను ప్రోత్సహించింది. జనం ఇలా అల్లాడుతుంటే, ఆ దేశ వ్యవసాయ మంత్రి ఒక సభలో, తాను బియ్యం ఎన్నడూ కొనలేదనీ, అభిమానులే బోలెడు ఇస్తుంటారనీ అన్నాడు. అంతే, మే నెలలో పదవి పోయింది. ఆ వార్త అబ్బాయి చదివి చెప్పినప్పుడు మేము నవ్వుకున్నాము గానీ, మర్నాడు కొట్టులో ఒక ముసలాయన సంచి ఎత్తి, ధర చూసి, మళ్లీ అక్కడే పెట్టి వెళ్లిపోవడం చూశాక నవ్వు రాలేదు. వారి బియ్యం పొట్టిగా ఉంటుంది, వండితే ముద్దగా అంటుకుంటుంది. చారు పోసుకుంటే మొదట్లో మాకు ఎక్కలేదు. పదిరోజుల్లో అలవాటైంది.

మొదటిసారి కొట్టులో అడుగుపెట్టినప్పుడు మేమెంత నిస్సహాయులమో తెలిసివచ్చింది. ఇద్దరమూ ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పినవాళ్లము. అక్కడ ఉప్పేదో పంచదారేదో పోల్చుకోలేక నిలబడిపోయాము. రెండూ తెల్లగానే ఉన్నాయి, రెండింటి మీదా అర్థంకాని అక్షరాలే. మా అమ్మకు చదువు రాదు. ఆమెను పట్నం పంపి, తప్పు మందు తెచ్చిందని విసుక్కున్న రోజు ఒకటి ఆ అరల మధ్య గుర్తుకు వచ్చింది.

అయితే నాలుగు రోజులు తిరిగేసరికి చుట్టాలు కనబడసాగారు. ముల్లంగి మన చేయి పొడుగున తెల్లగా మెరుస్తూ ఉంటుంది. ఒక సంచిలో ఎండుచేపలు కనబడితే విప్పి చూశాము. అవి మన నెత్తళ్లే! వారు ఉడికించి ఎండబెట్టి, నీళ్లలో వేసి ఆ సారంతోనే పులుసులు కాస్తారు. ఆ ఇంట్లో మేము వాటిని వంకాయతో వండితే పక్క వాటాలవారు ఏమనుకున్నారో గానీ, మాకు మాత్రం ఊరు వచ్చినట్టయింది. మరొక అరలో బూడిద రంగులో సబ్బుబిళ్లలా వణుకుతున్న పదార్థం ఉంది. దాని పేరు కొన్యాకు. అది మన కందకు దగ్గరి బంధువైన దుంప. పచ్చిగా తింటే నోరు దురద పెడుతుంది. పిండిచేసి, నీళ్లలో కలిపి, సున్నంతో గట్టిపరుస్తారు. కందను చింతపండుతో లొంగదీసిన మన అమ్మమ్మలనూ, సున్నంతో లొంగదీసిన వారి అమ్మమ్మలనూ ఒకచోట కూర్చోబెడితే ఎంత బాగుండును!

అన్నిటికన్నా మేలు చేసింది ఉమెబోషి. ఉమె అనేది చిన్న పుల్లని కాయ. దాన్ని ఉప్పులో ఊరవేసి, వేసవిలో కొన్ని రోజులు ఎండలో పెడతారు. ఎర్రని ఆకు వేసి రంగు తెస్తారు. మన మాగాయ పద్ధతే, కారం ఒక్కటే లేదు. కోడలికి జ్వరం తగిలి నోరు చేదెక్కి రెండు రోజులు ఏమీ దిగలేదు. కొట్టులో పనిచేసే అమ్మాయికి నుదుటిమీద చెయ్యి పెట్టి, పొట్ట దగ్గర చెయ్యి ఆడించి సైగలతో చెప్పాము. ఆమె మమ్మల్ని బియ్యపు జావ పొట్లాల దగ్గరకు, అక్కడనుంచి ఈ ఊరగాయ దగ్గరకు తీసుకువెళ్లింది. జావలో ఊరగాయ నంజుకోవడం మనకు ఎవరు నేర్పాలి! ఆ రాత్రి కోడలు గిన్నెడు జావ తాగింది.

నత్తో అనే పులిసిన సోయాగింజల గురించి ఎక్కువ చెప్పము. అది తీగలు సాగుతుంది. ఒకసారి తిన్నాము, చాలు.

ఇక జరిగిన పొరపాటు. లేత బంగారు రంగులో చక్కని సీసా ఒకటి చూసి, ఏదో తీపి పాకమనుకొని బుట్టలో వేసుకున్నాము. డబ్బు కట్టేచోట తెర మీద ఏవో అక్షరాలు వచ్చాయి. అమ్మాయి దాన్ని చూపించింది, మేము నొక్కాము. ఇంటికి వచ్చాక అబ్బాయి రసీదు చూసి పకపకా నవ్వాడు. అక్కడ 2019 అక్టోబరు నుంచి తినే వస్తువులకు పన్ను నూటికి 8, మద్యానికి 10. మా సీసాకు 10 పడింది. తెర మీద మేము నొక్కినది, మాకు 20 ఏళ్లు నిండాయని ఒప్పుకుంటూ! ఆ సీసా పేరు మిరిన్. జిగురు బియ్యం, బూజు పట్టించిన బియ్యం, సారాయి కలిపి నిలవ ఉంచి తీస్తారు. అందులో నూటికి 14 వంతులు మద్యమే. వంటలో తీపికీ నిగనిగకూ చెంచాడు పోస్తారు.

మా ఇంట్లో ఇది నవ్వే విషయం కాదు. మా తాతల కాలంలో సారాకొట్టు బాకీకి రెండెకరాలు పోయాయి. మా నాన్నగారు రక్షణ పొందిన నాటినుంచి ఆ వాసన ఇంట్లోకి రాలేదు. ఆ సీసా అప్పుడే తొట్టిలో ఒంపేశాము. అప్పుడు కోడలు నెమ్మదిగా ఒక మాట అంది: "అత్తయ్యా, పోయిన ఆదివారం సంఘంలో మీరు మెచ్చుకుని రెండుసార్లు వేయించుకున్న గుమ్మడికాయలో ఉన్నది అదే."

మేము వెళ్లే సంఘం చిన్నది. ఆ దేశంలో క్రైస్తవులు నూటికి ఒకరి వంతు. ఆరాధన అయ్యాక అందరూ కలిసి భోజనం చేస్తారు. గుమ్మడికాయ వండిన పెద్దావిడతో అబ్బాయి మా గొడవంతా చెప్పాడు. ఆమె నొచ్చుకోలేదు. మర్నాడు తానే వచ్చి మమ్మల్ని కోప్ కోబే అనే సహకార దుకాణానికి తీసుకువెళ్లింది. మద్యం నూటికి ఒక వంతుకన్నా తక్కువ ఉండే మిరిన్ లాంటిది వేరే దొరుకుతుందని చూపించింది. సోయా రసంలో కూడా పులిసేటప్పుడు సహజంగానే కొద్దిగా మద్యం పుడుతుందని కూడా ఆమే చెప్పింది. మేము అప్పటికి నెల రోజులుగా దాన్ని తింటూనే ఉన్నాము!

ఆ దుకాణం పుట్టుక ఆమె చెప్పగా విన్నాము. తొయోహికొ కగావా గారి పేరు మన పెద్దలు కొందరు విని ఉంటారు. 1888లో కోబేలోనే పుట్టి, పసితనంలో తల్లిదండ్రులను పోగొట్టుకొని, మిషనరీల ద్వారా ప్రభువును తెలుసుకొన్న మనిషి. 1909 క్రిస్మసు ముందురోజున, వేదాంత విద్యార్థిగా ఉండగానే ఆయన కోబేలోని పేదవాడలో ఒక గది తీసుకొని చేరాడు. అక్కడే కళ్లజబ్బు తగిలి చూపు దెబ్బతిన్నది. పేదలకు సరుకులు సరైన ధరకు అందాలని, కొనేవారే యజమానులుగా 1921లో సంఘాలు పెట్టించాడు. ఈ కోప్ కోబే వాటినుంచి వచ్చినదే. 1995 జనవరి 17న భూకంపం ఆ నగరాన్ని నేలమట్టం చేసినప్పుడు వీరి ప్రధాన కార్యాలయం కూలిపోయింది. అయినా ఆ రోజునే ఎన్నో దుకాణాలు సరుకులు అమ్మాయట. కగావా గారు 1938లో మద్రాసు దగ్గర తాంబరంలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభకు వచ్చారు. మన దోర్నకల్ బిషప్పు అజరయ్య గారు కూడా ఆ సభలో ఉన్నారు. ఆ మాట చెబితే పెద్దావిడ మా చెయ్యి పట్టుకొని చాలాసేపు వదలలేదు.

మే నెలలో మనుమరాలు పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. బయలుదేరే ముందు ఆదివారం సంఘంలో మళ్లీ గుమ్మడికాయే వండారు. మా కోసం వేరే సీసాతో వండిందో, మామూలుగానే వండిందో పెద్దావిడ చెప్పలేదు. ఎదుట పెట్టినదాన్ని విచారణ చేయకుండా తినమన్న పౌలు గారి మాట మాలో ఒకరికి గుర్తుకు వచ్చింది. రెండెకరాలు మరొకరికి గుర్తుకు వచ్చాయి. ఒకరు గిన్నె ఖాళీ చేశారు. ఇంకొకరు అన్నమూ ఉమెబోషీ తిన్నారు. పెద్దావిడ వచ్చి ఇద్దరికీ టీ పోసింది.