నేతికూడు

కుక్క కడుపున నేతికూడు ఇమడదను సామెత నీచునకు ఘనత తగదను ఎత్తిపొడుపుగానే వాడుకలో నిలిచినది గాని, పెండ్లివారింట విస్తళ్ళు లేచిన మరునాడు ఆ ఇంటి కుక్క పడు అవస్థను కన్నవారికి అది అక్షరాల వైద్యశాస్త్రమని తోపకమానదు. మితిమీరిన కొవ్వు శునకమునకు క్లోమగ్రంథి వాపును తెచ్చిపెట్టగలదు. మిగిలిన గారెలును మాంసపు కొవ్వును ఆ కోవలోనివే. అన్నము మాట వేరు. తోడేళ్ళనుండి విడివడి మానవుని పంచ జేరిన ఈ ప్రాణి పిండిపదార్థములను అరిగించుకొను శక్తినిగూడ సంపాదించినదని 2013లో వెలువడిన జన్యుపరిశోధన ఒకటి తెలిపినది. గంజిమెతుకులతో తరతరములు బ్రదికిన మన పల్లె కుక్కల నెరిగినవారికి ఇందు వింత యేమియు లేదు.

కడుపు చెడిన కుక్క మొదట గిన్నె వాసన చూచి మొగము త్రిప్పుకొనును. పిమ్మట మూతి నాకుకొనుచు, గుటకలు మ్రింగుచు, పెరటిలోని గరికను వెదకి పరపర కొరికి, వెన్ను విల్లువలె వంచి, డొక్కలు ఎగురవేసి, పచ్చని నురుగుతో ఆ పోచలను కక్కి, ఏమియు ఎరుగనట్లు మనవంక చూచును. (గరిక కొరికిన ప్రతి కుక్కయు రోగి యనుకొనరాదు, ఆరోగ్యముగానున్నవియు కొరుకును.) కక్కినదానినే మరల తినబోవుట చూచి అసహ్యించుకొనువారు, తల్లి తోడేలు పిల్లలకు కక్కియే కుడుపునను సంగతి తలచి కొంత క్షమింపవలెను.

లంఘనం పరమౌషధమని తమ జ్వరమునకు ఒప్పుకొను పెద్దలే కుక్క విషయమున ఒప్పుకొనరు. "అయ్యో, పొద్దుటినుంచి ఏమీ ముట్టలేదే!" యని పాలగిన్నె తెచ్చుదురు, ఎదిగిన కుక్కలలో పెక్కింటికి పాలు పడవు. ఒకటి రెండు పూటలు తిండి మాని, నీరు కొంచెము కొంచెముగా త్రాగించి, ఆపైని మెత్తగా ఉడికిన అన్నమును, తోలును కొవ్వును తీసి ఉప్పుకారములు లేక ఉడికించిన కోడిమాంసమును చిన్న ముద్దలుగా పెట్టిన చాలును. కూనలను మాత్రము పస్తుంచరాదు. వాంతిలో నెత్తురు కనబడినను, డోకులేగాని ఏమియు పడక కడుపు బిగిసి ఉబ్బినను, ఉల్లిగాని ద్రాక్షగాని చాక్లెట్టుగాని తిన్నదని తెలిసినను, ఇంటివైద్యము కట్టిపెట్టి తక్షణమే పశువైద్యునికడకు కొనిపోవలెను.

ఇక మన ఇంట లంఘనము నిష్ఠగా సాగుచుండగా పొరుగింటి పిన్నిగారి వాకిట ఆ రోగికి జంతికల ఫలాహారము నడుచుచుండుట కద్దు గనుక, పథ్యము పెట్టదలచినవారు ముందుగా వీధితలుపు గడియ వేసి, పిదప గోడమీదుగా పిన్నిగారి చెవిని ఒక మాట వేయుట మంచిది.