ఐదు చుక్కల బరువు

మోడల్ బాగా కుదిరిందని ఎవరైనా అంటే, దేనికెంత బరువిచ్చారని అడగడం నాకు అలవాటైపోయింది. జీతమెంత అని అడిగినట్టే ఉంటుంది. అయినా అడుగుతాను.

నేను పనిచేసేది 2011 మార్చి 11 నాటి తోహోకు భూకంపం డేటా మీద. సముద్రం కింద పలక ఎక్కడ, ఎంత జారిందో ఎవరూ చూడలేరు. పైన దొరికిన సాక్ష్యాల నుంచి వెనక్కి లెక్కకట్టాలి. సీస్మోగ్రాఫ్‌కి సమయం తెలుసు, ఏ సెకనుకి ఏం జరిగిందో చెబుతుంది. జీపీఎస్‌కి నేల చివరికి ఎంత జరిగిందో తెలుసు. ఒక్కో కొలతనీ దాని అనిశ్చితితో భాగిస్తే ఇద్దరూ ఒకే లెక్కలో కూర్చుంటారు. ఇంతవరకూ పేచీ లేదు.

పేచీ తలల లెక్క దగ్గర. జపాన్ నేల మీద జీపీఎస్ స్టేషన్లు దాదాపు 1,200. సముద్రం అడుగున కొలత దొరికినవి ఐదు చుక్కలు. ఓడ మీద జీపీఎస్, అడుగున శబ్దానికి బదులిచ్చే పరికరాలు. భూకంపమైన కొన్ని వారాలకి జపాన్ కోస్ట్ గార్డ్ వెళ్ళి కొలిస్తే, ఒక చుక్క 24 మీటర్లు జరిగిపోయి ఉంది. ఈ కొలతల్లో అనిశ్చితి ఎక్కువ, కాబట్టి బరువు తక్కువ. సంఖ్యా తక్కువే. పాపం, రెండు విధాలా ఓటమి.

ఇది ఫోన్లో చెబితే మా అమ్మ, "వీధంతా ఒకటే మాట చెప్తున్నారంటే, అందరూ ఒక్కళ్ళ దగ్గర విన్నదేనేమోరా" అంది. కోవేరియన్స్ గురించి ఇంత బాగా నాకెవరూ చెప్పలేదు. నేల మీది స్టేషన్లన్నీ ఒకే వైపున, దూరంగా ఉన్నాయి. భూమి పొరల గురించి మనం వేసుకున్న అంచనా తప్పితే అన్నీ కలిసే తప్పుతాయి. వాటిని వెయ్యిమంది విడివిడి సాక్షులుగా లెక్కేస్తే మోడల్‌కి లేనిపోని ధీమా వస్తుంది. తొలి లెక్కల్లో నేల స్టేషన్ల మాటే వింటే గరిష్ఠ జారుడు 30 మీటర్లలోపు వచ్చింది. అడుగు చుక్కలు కలిపాక 50 దాటింది, అదీ పలక కిందికి దిగే ట్రెంచ్ దగ్గర.

సునామీని లేపేది ఆ చోటే. ఆ రోజు మూడు నిమిషాలకి వచ్చిన తొలి హెచ్చరిక, తొందరలో సీస్మోమీటర్ల మాట ఒక్కటే విని కట్టింది. తీవ్రత 7.9 అనుకున్నారు, నిజానికి 9.0. ఇవాతేకి, ఫుకుషిమాకి 3 మీటర్ల అల అన్నారు. మూడే కదా అని ఆగినవాళ్ళున్నారు. మాది బందరు. 2004 డిసెంబర్ 26ని మా తీరం మర్చిపోలేదు కనక, ఆ మూడు నాకు గ్రాఫు మీద అంకెలా కనిపించదు.

బరువులు డేటానే తేల్చుకునే పద్ధతి ఉంది, ఏబీఐసీ అంటారు. అకాయికే పేరు మీద వచ్చింది. నేనూ వాడతాను. కానీ ఏ కొలతలు కలిసి తప్పుతాయో దానికి ముందు మనమే రాసివ్వాలి. అది రాయకుండా "డేటానే చెప్పింది" అనేవాళ్ళతో నాకు పడదు.

ఇప్పుడు మోడల్‌ని నాలుగు రకాల బరువులతో నడిపి మ్యాపులు పక్కపక్కన పెట్టాను. తీరం వైపు రంగు దాదాపు కదలడం లేదు. ట్రెంచ్ పక్కన మాత్రం నాలుగింటిలో నాలుగు రంగులు. వ్యాసంలో ఒక్క మ్యాపే పెట్టమన్నారు. నాలుగూ పంపుతున్నాను.