ఉత్తమ పురుష

మొన్న సంక్రాంతికి హైదరాబాదు నుండి వచ్చిన మా అబ్బాయి కొత్త బట్టలతోపాటు ఒక కొత్త బిరుదును కూడా వెంట తెచ్చుకొన్నాడు. నాలుగు ఆంగ్లాక్షరాల బిరుదు. వాడికి ఆఫీసులో టీమ్ లీడ్‌గా పదోన్నతి వచ్చింది. ఎనిమిది మందిపై పెత్తనం అప్పగించే ముందు యాజమాన్యంవారు వాడిచేత ఒక వ్యక్తిత్వ పరీక్ష వ్రాయించారట. తన్ను తాను తెలిసికొన్నవాడే ఇతరులను నడిపించగలడన్నది దాని వెనుకనున్న సిద్ధాంతం. ఉపనిషత్తుల కాలం నుండి మనకు పరిచితమైన మాటే గనుక నాకు అభ్యంతరం కనబడలేదు.

"సరదాగా మీరూ వ్రాయండి నాన్నగారూ" అంటూ కంప్యూటరు నా ముందుకు జరిపాడు. ఉద్యోగమంతా పిల్లలకు పరీక్షలు పెట్టినవాణ్ణి. ఇన్నాళ్లకు నాకు పరీక్ష పెట్టేవారొకరు దొరికారన్న ఉత్సాహంతో కూర్చొన్నాను.

ఎదుటివారి మాట ఓపికగా వింటానా, నిర్ణయానికి ముందు ఇతరుల మనస్సు నొచ్చుకొంటుందేమోనని ఆలోచిస్తానా, ఇట్లా సాగాయి ప్రశ్నలు. అరగంటలో ఫలితం వచ్చింది. నేను మితభాషినట. పరుల అంతరంగం ఎరిగినవాణ్ణట. అధికారం కంటె అనునయాన్ని నమ్మే నాయకుణ్ణట. నా పదవీ విరమణ సభలో చదివిన సన్మానపత్రంలో కూడా ఇన్ని విశేషణాలు లేవు. గట్టిగా చదివి వినిపించాను.

వంటింట్లో అరిసెలు వత్తుతున్న మా ఆవిడ "వినడమా? మీరా?" అన్నది. ఆ మాట నేను వినిపించుకోలేదు.

మా అబ్బాయి విన్నాడు. "అయితే అమ్మా, నాన్నగారి గురించి నువ్వు చెప్పు" అని అవే ప్రశ్నలు ఆమెను అడిగాడు. ఆమె చేతిలో పని ఆపకుండానే ఒక్కొక్కదానికీ జవాబు చెప్పింది. ఆలోచించవలసిన అవసరం ఒక్క ప్రశ్నకూ రాలేదు. ఈసారి నాలుగక్షరాలలో మూడు మారిపోయాయి. మిగిలిన ఒక్కటీ క్రమశిక్షణకు సంబంధించినది!

ఒకే మనిషికి రెండు జాతకాలెట్లా వచ్చాయని ఈ పరీక్ష పుట్టుపూర్వోత్తరాలు వెదికాను. స్విట్జర్లాండు మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ 1921లో మానసిక ప్రవృత్తుల మీద ఒక గ్రంథం ప్రచురించాడు. దానిని ఆధారం చేసికొని అమెరికాకు చెందిన కాథరిన్ బ్రిగ్స్, ఆమె కుమార్తె ఇసబెల్ మైయర్స్ ఈ ప్రశ్నావళిని రూపొందించారు. వారిద్దరూ మనస్తత్వ శాస్త్రాన్ని కళాశాలలో చదివినవారు కారు. మనుష్యులను పదహారు తెగలుగా విభజించారు. కొన్ని వారాల తరువాత మళ్లీ వ్రాస్తే ఒక అక్షరమైనా మారిపోయేవారు చాలామంది. కారణం సులభమే. మనలో ఎక్కువమంది మధ్యస్థులం. గీత గీసి ఇటో అటో నిలబెడితే, ఒక్క జవాబు తేడాతో గీత దాటిపోతాం. ఉద్యోగులను ఎంపిక చేయడానికి దీనిని వాడవద్దని ప్రచురణకర్తలే చెబుతారు.

అంతకంటె నన్ను ఆకర్షించినది 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ ఆచార్యుడు చేసిన చిలిపి పని. ఆయన 39 మంది విద్యార్థులచేత ఒక పరీక్ష వ్రాయించి, ఎవరి ఫలితం వారిదేనని చెప్పి కాగితాలు పంచాడు. తమ స్వభావాన్ని అది ఎంత సరిగా వర్ణించిందో అయిదుకు మార్కులు వేయమన్నాడు. సగటున 4.26 వచ్చాయి. తీరా చూస్తే అందరికీ ఇచ్చినది ఒకే కాగితం! అందులోని వాక్యాలు చాలావరకు అంగడిలో అమ్మే జ్యోతిషం పుస్తకంలో నుండి ఏరినవి. ఉగాది నాడు పంచాంగంలో రాశిఫలం చదివి "అచ్చం నా సంగతే" అనుకొనే మనకు ఇందులో వింతేమీ లేదు.

నవ్వుకొని ఊరకుందును. కాని మా ఆవిడ మాట మరొక మాటను గుర్తు చేసింది.

ఒక ఉన్నత పాఠశాలలో రెండేళ్లపాటు ఇన్‌చార్జి ప్రధానోపాధ్యాయుడిగా ఉన్నాను. అక్కడ జీవశాస్త్రం చెప్పే ఒక యువ ఉపాధ్యాయిని పొరుగూరి నుండి చంటిబిడ్డను ఇంట్లో వదలి బస్సులో వచ్చేది. మొదటి పీరియడు తనకు లేకుండా టైంటేబులు మార్చమని అడిగింది. "చూద్దామమ్మా" అన్నాను. మళ్లీ అడిగింది. మళ్లీ "చూద్దామమ్మా" అన్నాను. కసరలేదు, విసుక్కోలేదు. ఆ సౌమ్యతకు నన్ను నేను మెచ్చుకొన్నాను కూడా. టైంటేబులు మాత్రం మారలేదు. మరుసటి కౌన్సెలింగులో ఆమె బదిలీ కోరుకొని వెళ్లిపోయింది. వెళ్లేనాడు నమస్కరించి, "మీరు ఎన్నడూ కాదనలేదు మాస్టారూ. విననూ లేదు" అన్నది. చిన్నతనపు మాటగా తీసికొన్నాను.

సంక్రాంతి వెళ్లిన తరువాత, ఆనాడు మాతో పనిచేసిన డ్రిల్లు మాస్టారికి ఫోను చేశాను. నా గురించి మొగమాటం లేకుండా చెప్పమన్నాను. ఆయన కాసేపు నసిగి, "మీ గది తలుపు ఎప్పుడూ తీసే ఉండేది పంతులుగారూ. కాని మేము వచ్చి చెబుతున్నంతసేపూ మీరు కాంపోజిషన్లు దిద్దుతూ ఉండేవారు. ఎర్రసిరా కలం ఆగితే గదా, మా మాట మీకు చేరిందని తెలియడానికి!" అన్నారు.

రెండు పనులూ ఒకేసారి చేయగలగడం నా సామర్థ్యమనుకొన్నాను, ఇన్నేళ్లూ.

వ్యాకరణం చెప్పుకొని బ్రతికినవాణ్ణి గనుక ఆ భాషలోనే చెబుతాను. "నేను" అన్నదానికి మన వైయాకరణులు పెట్టిన పేరు ఉత్తమ పురుష. ప్రశ్నావళి యావత్తూ ఉత్తమ పురుషలో ఉన్నప్పుడు, జవాబు వ్రాసే ప్రతివాడూ ఉత్తముడే కాక మరేమవుతాడు? మా ఆవిడ ప్రథమ పురుషలో జవాబు చెప్పింది. డ్రిల్లు మాస్టారు మధ్యమ పురుషలో, "మీరు" అని చెప్పారు. మూడూ కలిస్తే గాని క్రియారూపాలు పూర్తి కావు.

అలంకారశాస్త్రంలో ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని నాయకులు నాలుగు విధాలు. ధీరోదాత్తుని లక్షణాలలో "అవికత్థనుడు" అన్నదొకటి, అనగా తన్ను తాను పొగడుకొననివాడు. తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో! తనది ధీరోదాత్తతయని తానే గుర్తు పెట్టిన మరుక్షణం ఆ లక్షణం పోతుందని నాకే తట్టలేదు.

అయితే ఈ పరీక్షలు వ్యర్థమా అంటే, కాదంటాను. 1955లో జోసెఫ్ లుఫ్ట్, హారింగ్టన్ ఇంగమ్ అనే ఇద్దరు తమ పేర్లు కలిపి "జోహారి గవాక్షం" అని ఒకటి కల్పించారు. కిటికీకి నాలుగు గదులు. నాకూ ఇతరులకూ తెలిసినది ఒకటి, నాకు మాత్రమే తెలిసినది ఒకటి, ఎవరికీ తెలియనిది ఒకటి. నాకు తెలియక ఇతరులకు తెలిసినది నాలుగవది. అధికారంలో ఉన్నవాడికి ఈ నాలుగవ గది పెద్దదవుతుంది, చెప్పడానికి క్రిందివారు భయపడతారు గనుక. పరీక్ష ఆ సంభాషణకు ఒక నెపం కల్పిస్తే చాలు, దాని పని అయినట్లే.

ఇదే మా అబ్బాయికి చెప్పాను. వాడు తన ఎనిమిది మందినీ "నేను మీ మాట వినలేదని ఎప్పుడైనా అనిపించిందా?" అని పేర్లు వ్రాయనక్కరలేకుండా అడిగాడట. ఏడుగురు లేదన్నారు. ఒకరు మాత్రం రెండు రోజులు ఆగి పెద్ద ఉత్తరం వ్రాశారట. అందులో ఏమున్నదో వాడు చెప్పలేదు, నేను అడగలేదు. ఆ వారం పని పంపకం మాత్రం మార్చాడు.

ఆ జీవశాస్త్రం ఉపాధ్యాయిని నంబరు సంపాదించి నేనూ ఫోను చేశాను. ఇప్పుడామె ఒక పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలు. ఆనాటి టైంటేబులు సంగతి ఎత్తి, తప్పు నాదేనన్నాను. "అదంతా ఎప్పటి మాట మాస్టారూ!" అని నవ్వింది. తరువాత చాలాసేపు తన బడి గురించి, స్టాఫు గురించి, ఇంటరు చదువుతున్న అమ్మాయి గురించి చెప్పింది.

మధ్యలో ఒక్క సలహా కూడా ఇవ్వలేదు నేను. మా ఆవిడ సాక్షి.