చదువుల నేస్తం ఇందూరొస్తే...

జపానులోనో జర్మనీలోనో ఒకే హాస్టల్లో ఉండి కలిసి చదువుకున్న మిత్రుడు. ఏళ్లు గడిచాక ఓ రోజు ‘మీ ఊరొస్తున్నా’ అని ఫోన్ చేస్తాడు. అక్కడున్నప్పుడు క్యోటో గుళ్లన్నీ తిప్పి చూపించిందీ, రైలెక్కడం నేర్పిందీ అతనే. ఇప్పుడు మనవాళ్ల వంతు. చాలామంది శంషాబాద్‌లో ఎదురెళ్లి, చార్మినార్, గోల్కొండ చూపించి, బిర్యానీ తినిపించి సాగనంపేస్తారు. అతిథిని పిలిచింది ధర్పల్లి కుర్రాడైతే మాత్రం ఇంకో దారుంది. రెండ్రోజులు చేతిలో ఉంటే చాలు, ఇందూరు గడ్డంతా చుట్టి రావచ్చు.

ఇలాంటి రాకపోకలు మన నేలకు కొత్తేం కాదు. నిజాం రాజ్యంలో విద్యాశాఖ డైరెక్టర్‌గా పనిచేసిన సర్ రాస్ మసూద్, పై చదువులకని ఇంగ్లండు వెళ్లినప్పుడు 1906లో ఆయనకు లాటిన్ నేర్పింది ఇ.ఎం.ఫార్‌స్టర్. ఆ పాఠాలు స్నేహంగా మారాయి. 1921లో భారతదేశానికి రెండోసారి వచ్చిన ఫార్‌స్టర్, హైదరాబాద్‌లో మసూద్ దగ్గరికీ వెళ్లాడు. 1924లో వెలువడిన తన ‘ఎ పాసేజ్ టు ఇండియా’ నవలను ఆ మిత్రుడికే అంకితమిచ్చాడు. మసూద్ కూడా కాళ్లకు చక్రాలున్నవాడే. 1922లో జపాన్ వెళ్లి అక్కడి బడులూ కాలేజీలూ తిరిగాడు. సొంత భాషలోనే చదువుకుంటూ ఆ దేశం ఎలా ఎదిగిందో వివరిస్తూ నిజాం సర్కారుకు నివేదిక రాసిచ్చాడు.

ఇక ప్రయాణం. మొదటిరోజు పొద్దున్నే ధర్పల్లి మండలంలోని రామడుగు ప్రాజెక్టుతో మొదలుపెట్టొచ్చు. వానాకాలం వెళ్లాక వస్తే నిండిన నీళ్లూ, కింద పచ్చటి పొలాలూ కనిపిస్తాయి. అక్కడి నుంచి డిచ్‌పల్లి. గుట్ట మీది రామాలయం రాతి శిల్పాలకు పేరుపడ్డది. ‘ఇందూరు ఖజురహో’ అని కూడా పిలుస్తుంటారు. మెట్లెక్కేటప్పుడు కాస్త ఆయాసం వచ్చినా, పైకెళ్లి గోడల మీది చెక్కడాలు చూస్తే అది కాస్తా మరచిపోతారు.

మధ్యాహ్నానికి నిజామాబాద్ పట్టణం చేరుకోవాలి. గుట్ట మీద ఖిల్లా, అందులో రఘునాథాలయం. ఆ పక్కనే పాత జైలు. నిజాం వ్యతిరేక పోరాటంలో దాశరథి కృష్ణమాచార్యను నిర్బంధించింది ఇక్కడే. కాగితం, కలం ఇవ్వకపోతే పళ్లు తోముకునే బొగ్గుతో గోడ మీద పద్యాలు రాశారాయన. తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి. జైలు గోడల మధ్య ముదిరిన ఆ స్నేహానికి గుర్తుగా దాశరథి తన ‘అగ్నిధార’ను ఆళ్వారుస్వామికి అంకితమిచ్చారు. ఫార్‌స్టర్ కథ తెలిసిన అతిథికి ఈ కథ కూడా చెప్పి తీరాలి.

రెండోరోజు బోధన్ దారి. నడుమ అలీసాగర్ దగ్గర కాసేపు ఆగొచ్చు. చెరువు గట్టు, తోటలు, చెట్ల నీడ. పిల్లలు వెంట ఉంటే ఇక్కడి నుంచి కదలనివ్వరు. బోధన్‌లో పాతకాలపు దేవల్ మసీదు రాతి స్తంభాలు చూసుకుని శక్కర్‌నగర్ వైపు వెళ్లాలి. 1937లో నెలకొల్పిన నిజాం షుగర్స్ ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీగా పేరు తెచ్చుకుంది. పేరులోనే చక్కెరను పెట్టుకుని ఓ కాలనీయే వెలిసింది. 2002లో సగానికి పైగా వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో మూత పడింది. తిరిగి తెరిపించే మార్గాలు వెతకమని 2024లో ప్రభుత్వం కమిటీ వేసింది. అతిథికి అందమైనవే చూపించాలన్న నియమం లేదు. ఈ గేటు ముందు కూడా ఓ పది నిమిషాలు నిలబడాలి.

ఇంత చెరకు ఇక్కడెలా పండిందని అతను అడుగుతాడు. జవాబు కోసం బాన్సువాడ మీదుగా నిజాంసాగర్ వెళ్లాలి. ఇప్పుడది కామారెడ్డి జిల్లా. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన ఈ ఆనకట్ట, సుమారు 2.75 లక్షల ఎకరాలు తడపడానికి కట్టింది. దీన్ని కట్టించిన ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కాలేజీలో చదువుకొచ్చాడు. అక్కడ నేర్చిన విద్య ఇక్కడ కాలువై పారింది. ఆ నీళ్లే చెరకు తోటలయ్యాయి, ఆ చెరకే ఫ్యాక్టరీని నిలబెట్టింది. ఆయన పుట్టిన జులై 11ని తెలంగాణ ఇంజినీర్స్ డేగా జరుపుకుంటోంది.

తిండి సంగతి మరచిపోతే ఎలా? ఆర్మూరు దగ్గరి అంకాపూర్‌లో దేశీకోడి కూర ముందే ఆర్డరిచ్చి వండించుకోవాలి. అన్నంలో కలుపుకుంటే కారానికి కళ్లలో నీళ్లు తిరగొచ్చు, అయినా ముద్ద ఆగదు. రోడ్డు పక్క కాల్చిన మక్కకంకులు అదనం. జనవరి తర్వాత వస్తే నిజామాబాద్ మార్కెట్‌యార్డులో పసుపు కుప్పలు పలకరిస్తాయి. 2025లో జాతీయ పసుపు బోర్డు కేంద్ర కార్యాలయం కూడా ఈ ఊరికే వచ్చింది. జపాన్ మిత్రుడికి పసుపు కొత్తది కాదు. ఒకినావాలో పండిస్తారు, ‘ఉకోన్’ అంటారు. ఓ గుప్పెడు పసుపు కొమ్ములు చేతిలో పెడితే అంతకు మించిన కానుక ఏముంటుంది?

ఇప్పుడు ఈ జిల్లా నుంచి విదేశాలకు వెళ్లని ఊరు అరుదు. కొందరు చదువుకు, చాలామంది గల్ఫ్‌లో బతుకుదెరువుకు. వెళ్లినవాళ్లు తిరిగి వచ్చేటప్పుడు ఏం తెస్తారన్నదే ప్రశ్న. ఒకరు కాలువ తెచ్చారు, ఒకరు జపాన్ చదువుల లెక్క తెచ్చారు. మిత్రుణ్ని బస్సులో కూర్చోబెట్టి ఈ రెండు సంగతులూ చెబుతుంటే, ఆ ప్రశ్న చెబుతున్నవాణ్నే ముందు తాకుతుంది.