ఫాంటాంకా గట్టు, 34వ నెంబరు

సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్లినవాళ్లంతా హెర్మిటేజ్ చూసొస్తారు. నేనూ చూశాను. కానీ 2018 జూన్‌లో అంత దూరం వెళ్లింది మాత్రం ఒక చిరునామా కోసం... ఫాంటాంకా నది గట్టు, 34వ నెంబరు.

చిన్నప్పుడు మా ఊరికి విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యాను వచ్చేది. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు అందులో చవగ్గా దొరికేవి. నాన్న ఓసారి యాకొవ్ పెరెల్మాన్ రాసిన భౌతికశాస్త్రం పుస్తకం కొనిచ్చారు. పాఠాలనుకుని వారం రోజులు ముట్టుకోలేదు. తీరా తెరిస్తే ఎక్కడ చూసినా కథలే! జూల్ వెర్న్, హెచ్.జి.వెల్స్ నవలల్లోంచి ఓ ఘట్టం చెప్పి, 'ఇది జరిగే పనేనా?' అని లెక్క తీస్తాడాయన. వెర్న్ మనుషుల్ని గుండులో కూర్చోబెట్టి, ఫిరంగితో చంద్రుడి మీదికి పేలుస్తాడు కదా... గొట్టం దాటే ఆ రెప్పపాటులో లోపలివాళ్ల బరువు వేల రెట్లు పెరిగి అక్కడే అప్పడాలైపోతారట. వెల్స్ సృష్టించిన అదృశ్య మానవుడి సంగతి ఇంకా తమాషా. చూపు ఉండాలంటే కాంతి కంట్లో వంగాలి, రెటీనా మీద ఆగాలి. ఒళ్లంతా గాలిలా పారదర్శకమైపోతే కన్ను కాంతిని వంచలేదు, ఆపలేదు. అంటే, ఎవరికీ కనబడనివాడికి ఎవరూ కనబడరు!

నాకు ఒళ్లు మండింది. నవల చదవకముందే గుట్టు విప్పేస్తే ఎలా? మర్నాడే లైబ్రరీకి పరిగెత్తాను. లోపం తెలిసి చదివినా పుస్తకం కింద పెట్టలేకపోయాను. ఆ పెద్దమనిషి ఎత్తు అదేనేమో!

నెవ్‌స్కీ రోడ్డు మీద, గుర్రాల విగ్రహాలున్న అనిచ్‌కోవ్ వంతెన దాటి ఎడమకి తిరిగితే కాసేపు నడక. ఇనుప గేట్ల వెనక పసుపురంగు భవనం. ఒకప్పుడు షెరెమెతెవ్ ప్రభువులది. ఇప్పుడు లోపల సంగీత వాద్యాల మ్యూజియం ఉంది. కవయిత్రి అన్నా అఖ్మతోవా ఏళ్లతరబడి ఉన్నదీ ఈ ఆవరణలోనే. ఆమె అభిమానులు చాలామందే వస్తారు. నేను వెతుక్కుంటూ వచ్చింది వేరే మ్యూజియాన్ని. పెరెల్మాన్, ఆయన మిత్రులు కలిసి 1935లో ఇక్కడే 'వినోద విజ్ఞాన భవనం' తెరిచారు. మిలియన్ అంటే ఎంతో పిల్లలకి చూపడానికి ఓ గదిలో నీలం కాగితం మీద పది లక్షల చుక్కలు అచ్చేయించి అతికించారు. అందులో ఓ చిన్న వలయం గీసి, మామూలు కంటికి ఆకాశంలో కనిపించే నక్షత్రాలు ఇన్నే అని చూపించారు. తల పైకెత్తి నోరు తెరిచిన పిల్లల్ని ఊహించుకోండి!

1941లో యుద్ధం వచ్చింది. మ్యూజియం మూతబడింది. అందులో సామానంతా దాదాపుగా నాశనమైపోయింది. జర్మన్లు నగరాన్ని ముట్టడించాక, అరవై ఏళ్లకి దగ్గరపడ్డ పెరెల్మాన్ సైనికులకి, నావికులకి ఏ పరికరమూ లేకుండా దిక్కులు, దూరాలు తెలుసుకోవడం నేర్పారు. 1942 జనవరిలో భార్య పోయింది. మార్చి 16న ఆయనా పోయారు. ఆకలితో. లక్షలమంది నవ్వుతూ నేర్చుకున్న పుస్తకాల రచయితకి ఆ ఊళ్లో తినడానికి రొట్టె దొరకలేదు.

లోపల పియానోలు, వయొలిన్లు చూసి బయటికొచ్చి ఆవరణలో కూర్చున్నాను. రాత్రి తొమ్మిదైనా ఎండ పోలేదు. తెల్లరాత్రుల కాలం కదా, పైన ఒక్క చుక్కా లేదు. చందమామ మీద పెరెల్మాన్ పేరుతో ఓ బిలం ఉంది. వెర్న్ పేరుతో ఒకటి, వెల్స్ పేరుతో మరొకటి కూడా ఉన్నాయి. మూడూ మనకి కనబడని అవతలి వైపే!